ఖైదీకి నోరుండొద్దా?

హైదరాబాదులో మా సుచిత్ర చౌరస్తా మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి కొంపల్లి, మేడ్చల్ దాటి, నిజామాబాద్ జిల్లా మీదుగా, ఆదిలాబాద్ అడవుల పక్కనుంచి నాగపూర్ చేరుతుంది. ఆ నాగపూర్ సెంట్రల్ జైలులో, అండా సెల్ అని పిలిచే ఒంటరి గదిలో మన అమలాపురం బిడ్డ జి.ఎన్. సాయిబాబా ఏళ్ల తరబడి మగ్గిపోయాడు. చిన్నతనంలోనే పోలియో సోకి కాళ్లు చచ్చుబడిన మనిషి. తొంభై శాతం వైకల్యం ఉన్న మనిషి. చక్రాల కుర్చీ లేనిదే గది దాటలేని ఇంగ్లీషు ప్రొఫెసర్.

మావోయిస్టులతో సంబంధాలున్నాయని 2014 మేలో అరెస్టు చేశారు. 2017 మార్చి 7న గడ్చిరోలి సెషన్స్ కోర్టు యావజ్జీవ శిక్ష వేసింది. 2022 అక్టోబరు 14న బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి కేసు కొట్టేసి విడుదల చెయ్యమంది. మర్నాడు శనివారం. సెలవు రోజు. అయినా సుప్రీంకోర్టు ప్రత్యేకంగా కూర్చుని ఆ విడుదలను ఆపేసింది. మళ్లీ విచారణ జరిగి, 2024 మార్చి 5న అదే హైకోర్టు ఆయన నిర్దోషి అని తేల్చింది. మార్చి 7న జైలు గేటు దాటాడు. అక్టోబరు 12న హైదరాబాద్ నిమ్స్‌లో కన్నుమూశాడు. పదేళ్ల కేసు. ఏడు నెలల స్వేచ్ఛ. యాభై ఏడేళ్లకే నూరేళ్లు నిండాయి.

2020 ఆగస్టులో ఇదే హైదరాబాదులో ఆయన తల్లి క్యాన్సర్‌తో పోయింది. బతికుండగా ఒకసారి చూసుకుంటానని పెరోల్ అడిగాడు. ఇవ్వలేదు. ఆమె పోయాకయినా రానివ్వలేదు. నడవలేని మనిషి పారిపోతాడా? చచ్చిపోతున్న తల్లి దగ్గర కూర్చుని దేశాన్ని కూలుస్తాడా? అదే కేసులో శిక్ష పడిన ఆదివాసీ యువకుడు పాండు నరోటే 2022 ఆగస్టులో జ్వరంతో కస్టడీలోనే చనిపోయాడు. కోర్టు తలుపు తెరిచేసరికి అతను లేడు. ఆ చావుకు బాధ్యులెవరని ఎవర్ని అడగాలి?

సాయిబాబా భౌతికకాయాన్ని మన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే, మౌలాలీలో తమ్ముడి ఇంటి దగ్గర ఉంచారు. సుచిత్ర నుంచి ఎంత దూరం? ఆ రోజుల్లో మా చుట్టుపక్కల నేను విన్న మాటలు ఇప్పటికీ నా చెవుల్లో గింగురుమంటున్నాయి. "ఏం చెయ్యందే పదేళ్లు ఊరికే లోపలేస్తారా?" "నిప్పు లేందే పొగ వస్తుందా?" హైకోర్టు రెండుసార్లు విడుదల చేసిన మనిషి గురించి, చదువుకున్నవాళ్లు, పిల్లల్ని అమెరికా పంపినవాళ్లు అన్న మాటలివి. న్యాయస్థానం మాట కూడా వీళ్లకు ఆనదు. ఒకసారి జైలు గేటు లోపలికి పోయినవాడు వీళ్ల లెక్కలో జన్మకు దొంగే. వాడి మాటకు విలువ లేదు, నొప్పికి విలువ లేదు, చావుకూ విలువ లేదు.

నాకు కోపం జైలు అధికారుల మీద కంటే మన మీదే ఎక్కువ. ఎందుకంటే వాళ్లు గోడ లోపల ఏం చేసినా చెల్లుతుందన్న ధైర్యం ఇచ్చింది మనం.

మన పోలీసు కమిషనరేట్లలో జరిగే ప్రెస్ మీట్లు టీవీలో చూస్తుంటాం కదా. ముందు బల్ల మీద పట్టుబడిన గొలుసులు, సెల్‌ఫోన్లు, నోట్ల కట్టలు పేర్చి ఉంటాయి. మధ్యలో అధికారి, ఎదురుగా మైకులు. వెనక గోడకు ఆనించి నలుగురు కుర్రాళ్లు, తలల మీద నల్ల ముసుగులు. వాళ్లు ఎక్కడ, ఎలా, ఎందుకు చేశారో అధికారి చెబుతాడు. వాళ్లు నిలబడి వింటారు. ఒక్క విలేకరి కూడా వాళ్ల వైపు మైకు తిప్పడు. సాయంత్రం వార్తల్లో 'నిందితుడు' అన్న మాట పోయి 'దొంగ' అన్న మాట వస్తుంది. కోర్టు ఇంకా కేసు నంబరు కూడా వెయ్యలేదు. ఆ కుర్రాడు జనం ముందుకొచ్చేది జీవితంలో ఆ ఒక్కసారే. అదీ ముఖం లేకుండా, నోరు లేకుండా. తర్వాత కేసు కొట్టేస్తే ఆ ముసుగు తీసి, బల్ల ముందు కూర్చోబెట్టి 'ఇతను నిర్దోషి' అని ప్రెస్ మీట్ పెట్టిన అధికారిని ఎవరైనా చూశారా?

ఖైదీ నోటికి విలువ ఇస్తే ఏమొస్తుందని అడిగేవాళ్లు మన దేశ న్యాయచరిత్రను ఒక్కసారి తిరగెయ్యాలి. జైలులో మనిషిని మనిషిగా చూడాలని చెప్పిన పెద్ద తీర్పుల్లో చాలావాటి వెనక ఒక ఖైదీ గొంతో, అతని ఇంటివాళ్ల గొంతో ఉంది. ప్రభుత్వం తనంతట తాను దయ తలచి ఇచ్చింది చాలా తక్కువ.

విశాఖపట్నం సెంట్రల్ జైలులో ఉన్న నక్సలైటు ఖైదీలు, గోడల మీద కరెంటు తీగలు బిగించారని, చుట్టూ సాయుధ పోలీసుల కాపలా పెట్టారని సుప్రీంకోర్టుకెక్కారు. భువన్ మోహన్ పట్నాయక్ కేసు అది, 1974లో. శిక్ష పడ్డంత మాత్రాన మనిషికున్న ప్రాథమిక హక్కులన్నీ ఊడిపోవని ఆ కేసులోనే సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఆ మాట మన తెలుగు జైలు నుంచి దేశానికి దక్కింది. తీహార్‌లో ఉరిశిక్ష పడ్డ సునీల్ బాత్రా, తోటి ఖైదీని వార్డర్ చిత్రహింస పెట్టాడని ఒక ఉత్తరం రాస్తే, సుప్రీంకోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుంది. జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పుతో దేశంలోని జైళ్లన్నిటికీ కొత్త కట్టుబాట్లు వచ్చాయి. ఆ ఉత్తరాన్ని గేటు దగ్గరే చింపేసి ఉంటే?

బొంబాయిలో నిర్బంధంలో ఉన్న ప్రభాకర్ పాండురంగ్ సాంజ్‌గిరి అణువు గురించి మరాఠీలో సైన్సు పుస్తకం రాశాడు. రాతప్రతిని బయటికి పంపనివ్వం అంది ప్రభుత్వం. ఎందుకు ఆపుతారు, పంపించండి అంది సుప్రీంకోర్టు, 1965లో. తమిళనాడులో ఆటో శంకర్ అనే ఉరిశిక్ష ఖైదీ తన కథ రాస్తే, అందులో తమ పేర్లున్నాయని జైలు, పోలీసు అధికారులు పత్రికను బెదిరించారు. ముందే గొంతు నొక్కే అధికారం ప్రభుత్వానికి లేదని 1994లో అదే కోర్టు చెప్పింది. ఆటో శంకర్ హంతకుడు. అందులో సందేహం లేదు. అయినా అతని రాతకు భయపడింది ఎవరు? అతనితో చేతులు కలిపిన పెద్దమనుషులు బయటపడతారేమోనని వణికినవాళ్లు.

ఇక అప్పటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు. 1977 మే నెలలో ఒక తెల్లవారుజామున దుండగులు జైల్లోకి చొరబడి బాంబులు వేశారు. రిమాండులో ఉన్న చల్లా చిన్నప్పరెడ్డి చనిపోయాడు. అక్కడే ఉన్న కొడుకు రామకృష్ణారెడ్డి బతికి బయటపడి ప్రభుత్వం మీద దావా వేశాడు. రాజ్యం చేసే పనికి నష్టపరిహారం అడిగే హక్కు నీకు లేదని ప్రభుత్వం వాదించింది. ఇరవై మూడేళ్లు పట్టింది. 2000లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసేసింది. శిక్ష పడినా, విచారణలో ఉన్నా, నిర్బంధంలో ఉన్నా ఖైదీ మనిషే, అతని ప్రాణానికి రాజ్యమే పూచీ అని చెప్పింది. ఆ కొడుకు నోరు మూసుకుని కూర్చుని ఉంటే, జైల్లో పడ్డ బాంబుకు జవాబుదారీ ఎవరూ ఉండేవారు కాదు.

నేను చెప్పదలచింది ఇదొక్కటే. మానవత్వం, మాట్లాడే హక్కు వేరు వేరు కావు. బువ్వలో పురుగు ఉందని చెప్పే నోరు లేకపోతే ఆ బువ్వ మారదు. మాత్ర అందలేదని చెప్పే దారి లేకపోతే ఆ మాత్ర రాదు. కొట్టారని చెప్పుకునే చోటు లేకపోతే కొట్టడం ఆగదు. విచారణ ఖైదీగా జైల్లో ఉన్న స్టాన్ స్వామి అనే ఎనభై మూడేళ్ల పాదిరీ, పార్కిన్సన్స్‌తో చేతులు వణికి గ్లాసు పట్టుకోలేక, నీళ్లు తాగడానికి ఒక గొట్టం కావాలని అడిగాడు. జవాబు చెప్పడానికి దర్యాప్తు సంస్థ ఇరవై రోజులు గడువు తీసుకుంది. ఆ విషయం బయటికొచ్చింది కాబట్టి దేశం సిగ్గుపడింది. ఆయన 2021 జులైలో నిర్బంధంలో ఉండగానే ఆస్పత్రిలో చనిపోయాడు. బయటికి రాని గొట్టాలు, గ్లాసులు, మాత్రలు ఎన్ని?

మా వీధిలో నాలుగిళ్లల్లో పనిచేసే ఒకామె ఉంది. వారం వారం ఒక రోజు రాదు. "ఊరికి పోతున్నమ్మా" అంటుంది. ఎవరూ ఏ ఊరని అడగలేదు. నేనూ అడగలేదు. ఒక రోజు మెట్ల మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే తెలిసింది. బండి దొంగతనం కేసులో కొడుకును రిమాండు చేశారు. ఆమె పోయేది ములాఖత్‌కు. సికింద్రాబాద్‌లో బస్సు మారి, ఆధార్ కార్డు పట్టుకుని, పేరు రాయించుకుని, వంతు కోసం కూర్చుంటుంది. "అద్దం అవుతల ఉంటడమ్మా. ఫోన్ల మాట్లాడాలె. అందరు ఒక్కసారే అర్సుడు. వాడు ఏమంటుండో నాకు ఇనపడది, నేనేమంటున్ననో వానికి ఇనపడది. చెయ్యి అద్దానికి పెట్టి చూస్కుంట కూసుంటం." బెయిల్ రాలేదా అంటే, "ఒచ్చిందమ్మా. షూరిటీ ఎవలిస్తరు? మాకు ఇల్లా, జాగా?" అంది. జడ్జి వదిలేయమన్నాడు. పేదరికం వదల్లేదు.

ఈ సంగతి తెలిస్తే నాలుగిళ్లూ పని మాన్పిస్తాయని ఆమె భయం. ఆ భయం నిజమే. మాన్పిస్తారు. కొడుకు మీద నేరం రుజువు కాలేదు, తల్లికి మాత్రం శిక్ష మొదలైంది. వేసింది కోర్టు కాదు, మన గుమ్మాలు.

ఇలాంటి తల్లులు ఎంతమందో లెక్క కావాలంటే జాతీయ నేర గణాంకాల సంస్థ పుస్తకం చూడండి. 2022 చివరికి దేశంలోని జైళ్లల్లో 5,73,220 మంది ఉన్నారు. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నూటికి డెబ్భై ఐదు మందికి పైగా. అంటే జైళ్లల్లో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు చట్టం దృష్టిలో ఇంకా నిర్దోషులే. వంద మందికి కట్టిన చోట నూట ముప్పై ఒక్క మంది పడుకున్నారు. 2022 నవంబరులో రాజ్యాంగ దినోత్సవం నాడు రాష్ట్రపతి ద్రౌపది ముర్ము సుప్రీంకోర్టు జడ్జీల ఎదుటే ఈ పేదల గురించి గొంతు జీరపోయేలా మాట్లాడారు. షూరిటీ కట్టలేని పేద ఖైదీకి 40,000 రూపాయల దాకా ప్రభుత్వమే భరించే పథకం 2023లో వచ్చింది. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు, పడగల గరిష్ఠ శిక్షలో మూడోవంతు లోపలే గడిపేస్తే వదిలేయాలని కొత్త చట్టం చెబుతోంది; ఉరి, యావజ్జీవం పడే కేసులకు మాత్రం అది వర్తించదు. చట్టాలకు, పథకాలకు కొదవ లేదు. కాగితం మీదున్న హక్కు ఖైదీ చెవిన పడటమే లేదు. చెప్పే నాథుడు లేడు.

2021లో వరంగల్ సెంట్రల్ జైలును కూల్చేశారు. ఆస్పత్రి కట్టడానికి. ఆస్పత్రి రావాల్సిందే, వద్దనను. కానీ అక్కడున్న ఖైదీలను చర్లపల్లికీ, చంచల్‌గూడకూ, ఇంకా ఇతర జైళ్లకూ తరలించారు. ములుగు నుంచి, భూపాలపల్లి నుంచి ములాఖత్‌కు వచ్చే ముసలితల్లికి ఆ రోజుతో దారి ఎంత పెరిగిందో శాసనసభలో ఎవరైనా లెక్క కట్టారా? ఆ తల్లి కష్టం వార్త కూడా కాలేదు.

"మరి బాధితుల మాటేమిటి? వాళ్ల ఏడుపు నీకు వినపడదా?" అని నిలదీస్తారు. వినపడుతుంది. దొంగతనంలో పెళ్లి గొలుసు పోగొట్టుకున్న ఇల్లాలి ఏడుపు, హత్యలో కొడుకును పోగొట్టుకున్న తండ్రి ఏడుపు నిజం. దోషికి శిక్ష పడాలి, పడి తీరాలి. కానీ నిందితుడి నోరు మూస్తే బాధితుడికి న్యాయం వస్తుందా? ఇదే 44వ నంబరు రోడ్డు దక్షిణాన షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి మీదుగా పోతుంది. అక్కడ 2019 డిసెంబరు 6న తెల్లవారుజామున, ఒక యువతిపై అత్యాచారం, హత్య కేసులో పోలీసు కస్టడీలో ఉన్న నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. మిఠాయిలు పంచారు. ఆ యువతికి జరిగిన ఘోరం ఎవరి గుండెనైనా మండించేదే. కానీ తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ ఏం చెప్పింది? చంపాలనే కాల్చారని, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని. విచారణ జరగలేదు, సాక్ష్యం పరీక్షకు నిలవలేదు. ఆ రాత్రి నిజంగా ఏం జరిగిందో కోర్టులో తేలే అవకాశం పూల కింద కప్పబడిపోయింది. ఆ పూలు చల్లిన చేతులు మనవే.

ఆ చప్పట్ల ఫలితం ఏమిటో 2023లో మెదక్‌లో చూశాం. గొలుసు దొంగతనం కేసులో సీసీ కెమెరాలో కనబడినవాడి పోలికలున్నాయని ఒక కూలీని పట్టుకెళ్లారు. తనను పోలీసులు కొట్టారని చెప్పి, అతను ఫిబ్రవరిలో గాంధీ ఆస్పత్రిలో చనిపోయాడు. హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. పోయే ముందు ఆ మాట చెప్పగలిగాడు, అది వీడియోగా బయటికొచ్చింది కాబట్టే కదలిక వచ్చింది. లేకపోతే రికార్డులో 'అనారోగ్యంతో మృతి' అనే రెండు మాటలు మిగిలేవి.

ఓటు సంగతీ చూడండి. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం జైల్లో ఉన్నవాడు, నేరం రుజువు కాకపోయినా, ఓటు వెయ్యలేడు. ఎన్నికల్లో నిలబడటం మాత్రం కుదురుతుంది. 2024లో జైలు నుంచి పోటీ చేసి ఎంపీలుగా గెలిచినవాళ్లున్నారు. అంటే పలుకుబడి ఉన్నవాడు లోపల ఉండి పార్లమెంటుకు పోవచ్చు, షూరిటీ లేని పేదవాడు లోపల ఉండి వేలి మీద చుక్క కూడా వేయించుకోలేడు. లక్షలాది విచారణ ఖైదీలకు ఓటు లేదు కాబట్టి వాళ్ల గురించి పార్టీలు గట్టిగా మాట్లాడవు. 

ఇంత మొద్దుబారిన జాతి కాదు మనది. 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు పత్రికలో రాసినందుకు జైలుకు పోతే తెలుగునాడు ఉడికిపోయింది. నిజామాబాద్ జైల్లో దాశరథి బొగ్గుముక్కతో గోడ మీద పద్యం రాస్తే, ఆ పద్యం తరతరాలకు కంఠస్థమైంది. ఆయనతో పాటు అక్కడే ఉన్న వట్టికోట ఆళ్వారుస్వామి, తన గొప్ప చెప్పుకోకుండా, తన చుట్టూ ఉన్న దొంగలను, హంతకులను మనుషులుగా చూసి కథలు రాశాడు. 'జైలు లోపల' అన్న ఆ పుస్తకం చదివిన జాతి మనది. వాళ్ల విగ్రహాలకు దండలు వేస్తాం. ఈ రోజు అదే గోడ మీద ఇంకో ఖైదీ బొగ్గుతో రాస్తే తుడిచేయమంటాం. మరో పక్క సంగారెడ్డిలో 1796 నాటి పాత జైలును మ్యూజియం చేసి, రోజుకు 500 రూపాయలు కడితే ఖైదీ బట్టలు ఇచ్చి లోపల ఉంచే ఏర్పాటు 2016లో పెట్టారు. జైలు అనుభవం తెలుసుకోవాలని అంత ముచ్చటగా ఉంటే, నిజంగా జైల్లో ఉన్నవాడి నోటి నుంచి వినడానికి ఎందుకు మనసొప్పదు?

ముషీరాబాద్ జైలు ఉండిన నేల మీదే ఇప్పుడు గాంధీ ఆస్పత్రి, గాంధీ మెడికల్ కాలేజీ ఉన్నాయి. ఎమర్జెన్సీలో, 1975 డిసెంబరు 1న, భూమయ్య, కిష్టాగౌడ్ అనే ఇద్దరు ఆదిలాబాద్ రైతులను ఆ జైల్లోనే ఉరితీశారు. సాయిబాబా కుటుంబం ఆయన దేహాన్ని ఆ కాలేజీకే దానం చేసింది. రాజ్యం ఆయనకు ఒక మాత్ర ఇవ్వడానికి వెనకాడింది. ఆయన తన ఒళ్లంతా వైద్య విద్యార్థులకు ఇచ్చి పోయాడు. ఎవరు మనుషులో, ఎవరు కాదో ఇంకెవరైనా నాకు చెప్పాలా?

అడగాల్సినవి పెద్ద కోరికలేం కావు. ఖైదీ తన తల్లితో తన భాషలో, వినపడేలా మాట్లాడుకోనివ్వండి. కోర్టుకూ పత్రికకూ రాసే ఉత్తరాన్ని ఆపకండి. జైళ్లను చూడటానికి అధికారులు కానివారిని కూడా పంపాలని జైలు మాన్యువల్‌లోనే ఉంది. పంపండి, వాళ్ల నివేదిక జనం ముందు పెట్టండి. కస్టడీలో ఎవరు చనిపోయినా మేజిస్ట్రేట్ విచారణ కాగితాలు దాచకండి. ముసుగు వేసి నిలబెట్టే ప్రెస్ మీట్లు మానండి. ఐక్యరాజ్యసమితి 2015లో ఒప్పుకున్న మండేలా నియమాల ప్రకారం పదిహేను రోజులు మించి ఒంటరి నిర్బంధం ఉండకూడదు. అండా సెళ్లకు తాళం వెయ్యండి. శిక్ష అంటే స్వేచ్ఛ పోవడం, అంతే. దాని మీద ఆకలి, రోగం, అవమానం, మౌనం కలిపి వెయ్యమని ఏ జడ్జీ తీర్పులో రాయలేదు.

సుచిత్రలో, కొంపల్లిలో, జీడిమెట్లలో, మేడ్చల్‌లో ఉన్న నా ఇరుగుపొరుగుకు ఒక మాట. మీ ఇంట్లో పనిచేసే ఆమె, మీ వాచ్‌మన్, మీ ఆటో అతను వారం వారం ఎక్కడికి పోతున్నారో ఒకసారి అడగండి. జైలుకని చెబితే పని మాన్పించకండి. 15100 నంబరుకు ఫోన్ చేస్తే న్యాయసేవా సంస్థ వకీలును ఉచితంగా ఇస్తుందని చెప్పండి, వీలైతే మీరే చేసి ఇవ్వండి. షూరిటీకి సంతకం పెట్టగల స్తోమత ఉంటే, మనిషిని తెలుసుకుని పెట్టండి. ఓట్లకు వచ్చే నాయకుణ్ణి చర్లపల్లి జైలులో చివరిసారి ఎప్పుడు అడుగుపెట్టావని అడగండి. లోపలున్నవాడు అడగలేడు. అడగాల్సింది మనం.